తీసివేత ప్రాజెక్టు డైరీ: నాలుగు, ఐదు తరగతులు

జూన్ ఆఖరు

ఈ ఏడాదికి ఒకే పని పెట్టుకున్నాను. నాలుగు, ఐదు తరగతుల్లో ఉన్న ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లవాడికీ అప్పు తెచ్చుకునే తీసివేత రావాలి. బాగా చదివే నలుగురికి వస్తే చాలదు, అందరికీ రావాలి. మాది ఆదోని దగ్గర పల్లె బడి. రెండు తరగతులూ ఒకే గదిలో, నా దగ్గరే కూర్చుంటాయి.

తీసివేతే ఎందుకంటే, స్థాన విలువ తెలుసో లేదో అక్కడే బయటపడుతుంది. కూడికని వేళ్ళ మీద లెక్కపెట్టుకుని అయినా లాక్కొస్తారు. తీసివేతలో పై అంకె చిన్నదైతే ఆ వేళ్ళ లెక్క సాగదు. భాగహారం, డబ్బు లెక్కలు, ముందు ముందు వచ్చే దశాంశాలు, అన్నీ దీని మీదే నిలబడాలి. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు అందరికీ రావాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం 99 వరకు తీసివేత రెండో తరగతికే రావాలి. నా ముందున్న ఐదో తరగతిలో సగానికి పైగా పిల్లలు ఇంకా అక్కడికి చేరలేదు.

మొదట్లో పాఠం ఏమీ చెప్పలేదు. నాలుగు లెక్కలు ఇచ్చాను: 52 – 27, 60 – 34, 304 – 128, 500 – 236. దిద్దేటప్పుడు మార్కులు వేయలేదు. నోటుబుక్కులో ఒక్కొక్కరికీ ఒక పేజీ తెరిచి, ఏ జవాబు రాశారో, ఏ దారిలో వెళ్తే ఆ జవాబు వస్తుందో రాసుకున్నాను.

52 – 27కి ఎక్కువమంది రాసింది 35. ఇది అజాగ్రత్త కాదు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీశారు, 5లోంచి 2 తీశారు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని ఒకటో తరగతిలో విన్న మాటని అక్షరాలా పాటించారు. ఆ పిల్లలే 304 – 128కి 224 రాశారు. నియమం అదే. 60 – 34కి కొందరు 34 రాస్తే కొందరు 30 రాశారు. 30 రాసిన అమ్మాయిని దగ్గరికి పిలిచి ఎలా చేశావమ్మా అని అడిగాను. "సున్నాలోంచి ఏం తీసేది మేడం, ఏమీ లేదు కదా, సున్నానే" అంది. ఎంత శుభ్రంగా ఆలోచించిందో చూడండి. ఆలోచన దారి తప్పింది గానీ, లేకపోలేదు.

అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల తీసివేత లెక్కల్ని పోగేసి చూసి 1978లో ఇదే విషయం రాశారు. తప్పులు చాలావరకు గాలివాటంగా రావు. పిల్లవాడి దగ్గర ఒక నియమం ఉంటుంది, అది తప్పు నియమం. దాన్ని పట్టుకుంటే తర్వాతి లెక్కకి వాడేం రాస్తాడో ముందే చెప్పొచ్చు. నేనూ చూద్దామని, 35 రాసిన పిల్లలు 71 – 48కి 37 రాస్తారని నోటుబుక్కులో ముందుగా రాసి పెట్టుకుని ఆ లెక్క ఇచ్చాను. దాదాపు అందరూ 37 రాశారు.

ఇలాంటి పిల్లకి "తప్పు, మళ్ళీ చెయ్" అంటే మళ్ళీ 35 వస్తుంది. నియమం మారితే గానీ జవాబు మారదు. అందుకని ఏ బోధన పద్ధతి వాడినా నేను చూసుకోవాల్సింది ఒకటే: పిల్ల బుర్రలో నడుస్తున్న నియమం దీనివల్ల నాకు కనబడుతోందా, లేదా?

జులై మొదట్లో: కట్టలు

చీపురు పుల్లల్ని జానెడు ముక్కలుగా కత్తిరించాం. రబ్బరు బ్యాండ్లు ఈ ఎండలకి ఆగవు, తెగిపోతాయి. పాత సైకిల్ ట్యూబుని సన్నగా కోస్తే మంచి రింగులు వచ్చాయి. పది పుల్లలకి ఒక రింగు వేస్తే కట్ట. పది కట్టల్ని పురికొసతో కడితే మోపు. ఇవన్నీ పిల్లలే కట్టారు. ఎవరి కట్టలోనైనా తొమ్మిదో పదకొండో ఉంటే పక్కవాళ్ళు ఊరుకోరు, విప్పి లెక్కపెట్టి నిలదీస్తారు. పది పుల్లలూ ఒక కట్టా ఒకటే అన్న సంగతి చేతుల్లోకి ఎక్కడానికి ఆ కట్టుడు పనే చాలావరకు సాయపడింది.

నేర్చుకోవడం ముందు చేతితో, తర్వాత బొమ్మతో, చివరికి గుర్తులతో సాగుతుందని అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960ల్లో చెప్పిన మాట మనం ట్రైనింగుల్లో చాలాసార్లు విన్నదే. సింగపూర్ లెక్కల బోధన 1980ల నుంచి ఆ వరసలోనే నడుస్తోంది. మన దగ్గర తేడా ఎక్కడ వస్తుందంటే, సోమవారం పుల్లలు చూపిస్తాం, మంగళవారం నల్లబల్ల మీదకి వెళ్ళిపోతాం. ఆ రెండూ ఒకే లెక్క అని పిల్లకి ఎవరు చెప్పారు? అందుకే మా గదిలో ఒక కట్టుబాటు పెట్టాను: కట్ట విప్పగానే, చెయ్యి మళ్ళీ పుల్లల మీదకి వెళ్ళకముందే, పలక మీద ఆ మార్పు రాయాలి.

సున్నా అన్న అమ్మాయి 52 – 27 చేయడం దగ్గర కూర్చుని చూశాను. చాప మీద అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. పక్కనున్న అబ్బాయి చెయ్యి చాపి ఇరవై ఏడు పుల్లలు ఇవ్వమంటున్నాడు. ఆ పిల్ల ముందు రెండు కట్టలు తీసి ఇచ్చేసింది. ఇంకా ఏడు కావాలి. విడి పుల్లలు రెండూ ఇచ్చింది. తన దగ్గర మూడు కట్టలున్నాయి. వాటి వంక చూసింది, వాడి చేతి వంక చూసింది. ఒక కట్ట తీసి రింగు కిందకి వేలు పోనిచ్చి, "విప్పొచ్చా మేడం?" అంది. నేను జవాబు చెప్పలేదు. కొంచెంసేపు అలాగే ఉండి, రింగు జార్చేసి పది పుల్లలు పరిచింది. అయిదు ఇచ్చింది. రెండు కట్టలు, అయిదు పుల్లలు మిగిలాయి. పలక మీద 25 రాసి, దాని పక్కనే తను ఇంతకుముందు రాసిన 35ని తనే కొట్టేసింది.

ఆ అమ్మాయి పదుల నుంచి మొదలుపెట్టింది, పుస్తకంలో ఒకట్ల నుంచి. పుల్లలతో ఎటునుంచి మొదలుపెట్టినా జవాబు అదే వస్తుంది కాబట్టి నేను అడ్డు చెప్పలేదు. రాసేటప్పుడు ఒకట్ల నుంచి మొదలుపెడితే కొట్టివేతలు తక్కువ ఉంటాయని తర్వాత వాళ్ళే గమనించారు.

జులై చివర: మూడు చాపలు

తరగతిని బట్టి కాకుండా ఎవరు ఎక్కడున్నారో దాన్ని బట్టి కూర్చోబెడుతున్నాను. భోజనం తర్వాతి గంట ఇందుకే. ఒక చాప మీద ఇంకా 99 వరకు సంఖ్యలు తడబడేవాళ్ళు, రెండో దాని మీద కట్టలు విప్పుతున్నవాళ్ళు, మూడో దాని మీద కాగితం మీద చేస్తూ సున్నాల దగ్గర ఆగిపోతున్నవాళ్ళు. ఐదో తరగతి పిల్లవాడు మొదటి చాప మీద ఉన్నాడు, నాలుగో తరగతి పిల్ల మూడో చాప మీద ఉంది. 

ఇది పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఎన్నో రాష్ట్రాల్లో నడిపిన పద్ధతి. పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసేందుకు 2005 నుంచి వాళ్ళు చేస్తున్న అసర్ సర్వేలో కూడా పిల్లవాడి తరగతి ఏదైనా అడిగే మెట్లు అవే: అంకెలు, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం. 2019లో ఆర్థికశాస్త్రం నోబెల్ పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో పరీక్షించి చూసిన వాటిలో ఈ స్థాయిని బట్టి బోధన కూడా ఉంది.

ముగ్గురు టీచర్లు లేనప్పుడు మూడు చాపలు ఎలా నడపాలనేది అసలు సమస్య. దానికి మన రాయలసీమలోనే దారి ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి వాళ్ళు చుట్టుపక్కల పల్లె బడుల కోసం తయారుచేసిన కార్డుల నిచ్చెన. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకి ఒక కార్డు. పిల్లలు తమ మెట్టు ఏదో చూసుకుని తామే కార్డు తెచ్చుకుంటారు. టీచరు అవసరమైన మెట్టు దగ్గరే టీచరు ఉంటుంది. నేను అట్ట పెట్టెలు కోసి తీసివేత వరకు ఒక నిచ్చెన రాసుకున్నాను. ఒక చాపతో నేను, ఒక చాప కార్డులతో, ఒక చాప జంటలుగా. 

చాపలకి పేర్లు పెట్టలేదు. ఎవరు ఏ చాపో గోడ మీద రాయలేదు. వారం చివర చూసి మారుస్తున్నాను, చాప మారడం మామూలు సంగతి అయిపోవాలని. మొదటి చాపలో ఎవరూ నెలలకొద్దీ ఉండిపోకూడదు. అలా ఉండిపోతే అది వెనక బెంచీకి ఇంకో పేరు అవుతుంది.

ఆగస్టు: పలకలు

"అర్థమైందా?" అని అడగడం మానేశాను. మన పిల్లలందరికీ దానికి జవాబు నోటికొచ్చు: "అర్థమైంది మేడం" అని గదంతా ఒకే రాగం. ఆ రాగంలో 35 రాసే పిల్ల గొంతు కూడా కలిసిపోతుంది.

దాని బదులు అందరికీ పలకలు. లెక్క చెబుతాను, రాస్తారు, "పలకలు పైకి" అనగానే అందరూ ఒకేసారి నావైపు తిప్పుతారు. గది చివరిదాకా ఒక్క చూపులో తెలిసిపోతుంది. నోటుబుక్కులైతే సాయంత్రం దిద్దేదాకా నాకు తెలియదు, అప్పటికి ఆ పిల్ల ఇంట్లో ఉంటుంది. 304 – 128 ఇస్తే పలకల మీద 176 కాక 224, 126, 186 కనబడుతున్నాయి. ఇందులో 186 రాసిన వాళ్ళు గమ్యానికి దగ్గరగా ఉన్నారు: వందని విప్పి పది కట్టలు చేశారు, అందులోంచి ఒకటి విప్పారు, కానీ ఇంకా తొమ్మిదే ఉన్నాయని రాయడం మర్చిపోయి పదిలోంచి తీశారు. 224కీ 186కీ ఒకే రకం ఇంటూ కొడితే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. పలక విధానంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. రెండు తప్పుల్నీ అక్కడికక్కడే వేరు చేసి, ఒకరిని పుల్లల దగ్గరికి పంపొచ్చు, ఇంకొకరిని "విప్పాక ఎన్ని కట్టలు మిగిలాయి?" అన్న ఒక్క ప్రశ్నతో సరిచేయొచ్చు.

నోటితో అడిగే ప్రశ్నలకి ఐస్ పుల్లల మీద రోల్ నంబర్లు రాసి డబ్బాలో వేశాను. ప్రశ్న ముందు, పుల్ల తర్వాత. ఎవరి నంబరు వస్తుందో తెలియదు కాబట్టి అందరూ ఆలోచిస్తారు. ఇక్కడ ఆగడం ముఖ్యం. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగట్లేదని మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1974లో రాసింది. మూడు సెకన్లు ఆగితే జవాబుల పొడవు పెరిగింది, ఎప్పుడూ నోరెత్తని పిల్లలు కూడా మాట్లాడారు. మూడు సెకన్లు చెప్పడానికి చిన్నదే, గదిలో నిలబడి ఊరుకుంటే మాత్రం చాలా పొడుగ్గా ఉంటుంది. ముందు బెంచీ పిల్లలు చేతులు ఊపుతూ "నేను మేడం, నేను మేడం" అంటుంటే ఊరుకోవడం ఇంకా కష్టం. అందుకే చేతులెత్తడం తీసేశాం. చెయ్యి లేస్తే మిగతావాళ్ళ ఆలోచన అక్కడితో ఆగిపోతుంది.

ఆగస్టు చివర: జంటలు

మూడో చాప పిల్లల్ని రెండో చాప పిల్లల పక్కన కూర్చోబెడుతున్నాను. కట్టుబాటు ఒకటే: చెప్పేవాళ్ళు బలపం ముట్టుకోకూడదు. అడగాలి, చూడాలి. చెప్పే పిల్ల చేతికి బలపం వెళ్ళిందంటే లెక్క తను చేసేసి ఇస్తుంది. బలపం లేకపోతే "నీ దగ్గర ఏడు ఉన్నాయా? లేవు కదా, మరి యాడ్నుంచి తెస్తావు?" అని అడగక తప్పదు. ఈ ప్రశ్న నేనడిగితే భయపడే పిల్లవాడు తోటి పిల్ల అడిగితే వాదిస్తాడు. వాదించినప్పుడు వాడి నియమం మొత్తం బయటికొస్తుంది. నేను పక్కన నిలబడి వింటే చాలు.

ఇది మనకి బయటినుంచి వచ్చిన పద్ధతి కాదు. మద్రాసు గవర్నరు మన్రో 1822లో దేశీ బడుల లెక్కలు తీయమని కలెక్టర్లకి రాస్తే, బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో మన వీధి బడుల గురించి వివరంగా రాశాడు. మా ఆదోని అప్పుడు బళ్ళారి జిల్లాలోదే. ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకి చెబుతూ తమ చదువు కూడా గట్టి చేసుకోవడం అతనికి బాగా నచ్చింది. ఆ నివేదికలోనే, పిల్లలు పద్యాలు కంఠతా చెబుతున్నారు గానీ అర్థం తెలియదని కూడా రాశాడు. అంతకుముందే 1790ల్లో మద్రాసులో ఆండ్రూ బెల్ అనే పాదిరీ ఈ పిల్లలు పిల్లలకి చెప్పే పద్ధతిని పట్టుకుని ఇంగ్లండుకి తీసుకెళ్ళాడు, అక్కడ దానికి మద్రాసు పద్ధతి అని పేరొచ్చింది. రెండు వందల ఏళ్ళ కిందట ఈ ఊళ్ళలో నడిచినదాన్ని నేను ఇంకోసారి నడుపుతున్నాను. అర్థం లేని కంఠస్థం అనే ముక్కని వదిలేస్తే చాలు.

సెప్టెంబరు: సంత లెక్క

ఒక పిల్లవాడి తల్లి బడికి వచ్చింది. "పుల్లలిచ్చి ఆడిపిస్తాండారంట మేడం. బుక్కులో రాసేది లేదంట. వాడు ఎప్పుడు నేర్చుకునేది?" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ఆమె వారం సంతలో కూరగాయలు అమ్ముతుంది. కూర్చోమని చెప్పి, "అమ్మా, ఇరవై ఏడు రూపాయల సరుకుకి యాభై రెండు ఇచ్చినారు, ఎంత తిరిగిస్తావు?" అన్నాను. ఆమె నా మొహం చూస్తూనే, "ఇరవై ఏడుకి మూడేస్తే ముప్పై. ఇంగో ఇరవై, యాభై. పైన రెండు. ఇరవై అయిదు" అంది. చెప్పడానికి పట్టిన సమయం తప్ప ఆలోచించడానికేమీ పట్టలేదు.

ఆమెను పిల్లల ముందు అదే మళ్ళీ చెప్పమన్నాను. మొదట వద్దంది, తర్వాత చెప్పింది. నల్లబల్ల మీద ఒక గీత గీసి 27 నుంచి 30కి, 30 నుంచి 50కి, 50 నుంచి 52కి గంతులు వేశాను. ఆమె కొడుకు ఇంతవరకు మొదటి చాప మీదున్నాడు. ఆ మధ్యాహ్నం వాడు గీత మీద 71 – 48 చేశాడు: రెండు, ఇరవై, ఒకటి; ఇరవై మూడు. వాడికి లెక్క రాదని ఎవరంటారు? వాడు శనివారాలు అమ్మ పక్కన కూర్చుని చిల్లర ఇస్తాడట. బడిలో ఇచ్చే తీసివేత, తాను సంతలో ఇచ్చే చిల్లర ఒకటేనని వాడికి ఎవరూ చూపించలేదు.

బ్రెజిల్‌లో రెసిఫే నగరంలో వీధుల్లో అమ్ముకునే పిల్లల మీద 1985లో అచ్చయిన పరిశోధన గుర్తొచ్చింది. బజారులో అడిగినప్పుడు వాళ్ళ జవాబుల్లో 98 శాతం సరైనవి. అవే లెక్కల్ని కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 శాతం. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద 2025లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనలోనూ అదే కనబడింది, దాంతోపాటు ఇంకోటి కూడా: బడి లెక్కల్లో బాగా చేసే పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. రెండు వైపులా వంతెన లేదు. నా దృష్టిలో మన లెక్కల బోధనలో అన్నిటికన్నా పెద్ద లోటు ఇదే, ఎందుకంటే మా బడి పిల్లల్లో చాలామందికి సంత వైపు నుంచి వచ్చే దారే దగ్గర.

ఇప్పటినుంచి ప్రతి లెక్కకీ రెండు దారులు అడుగుతున్నాను: విప్పే దారి, గంతుల దారి. రెండూ ఒకే జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎక్కడ తేడా వచ్చిందో పిల్లలే వెతుక్కుంటారు, నేను దిద్దక్కర్లేదు.

దసరా సెలవుల తర్వాత

వచ్చిన మొదటి రోజే పలకల మీద 35లు మళ్ళీ కనబడ్డాయి. అన్నీ కాదు, కొన్ని. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే మరుపు ఎంత వేగంగా వస్తుందో తన మీద తనే ప్రయోగం చేసుకుని కొలిచాడు. పిల్లలు మర్చిపోవడం తప్పు కాదు, మరుపుకి ఏర్పాటు చేయాల్సింది టీచరు.

రోజూ మొదటి పది నిమిషాలు పుస్తకం మూసి నాలుగు లెక్కలు. ఒకటి నిన్నటిది, ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన నెలది, ఒకటి ఎక్కాల్లోంచి. చూసి రాయడం లేదు, గుర్తు తెచ్చుకోవడమే. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థుల్లో కొందరు ఒక పాఠాన్ని మళ్ళీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళు ముందున్నారు. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవాళ్ళు ముందున్నారు. పాఠం అయిన సాయంత్రమే పరీక్ష పెట్టి బాగా వచ్చింది అనుకుంటే ఎంత మోసపోతామో ఇందులోనే ఉంది.

ఎక్కాలు వల్లె వేయించడం పాత పద్ధతి అని తీసిపారేసే వాళ్ళతో నాకు పేచీ ఉంది. 14లోంచి 8 పోతే 6 అని వెంటనే తట్టని పిల్ల, వేళ్ళు లెక్కపెట్టి వచ్చేలోపు కట్ట విప్పిన సంగతే మర్చిపోతుంది. ఒకేసారి బుర్రలో నిలిపే విషయాలకి హద్దు ఉంటుంది. ఎక్కాలూ, 20 లోపు తీసివేతలూ నోటికి రావాలి. కానీ గుంపుగా పాడించడం చాలదు, ఆ గుంపులో పెదాలు మాత్రమే కదిపేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. జంటలుగా, చీటీ మీద ప్రశ్న, వెనక జవాబు, ఒకరు అడిగితే ఒకరు చూడకుండా చెప్పాలి.

నవంబరు

పైన సున్నాలున్న 500 – 236 లాంటి లెక్కలు ఇప్పుడు మూడో చాప మీద సాఫీగా నడుస్తున్నాయి. మోపు విప్పి పది కట్టలు, అందులో ఒకటి విప్పి పది పుల్లలు: నాలుగు మోపులు, తొమ్మిది కట్టలు, పది పుల్లలు. ఈ వరస ఒక్కసారి చేతితో చేసిన పిల్లకి పలక మీద 4, 9, 10 ఎందుకు వచ్చాయో మళ్ళీ చెప్పక్కర్లేదు. 264 అని రాసి, గంతుల దారిలో సరిచూసుకుంటున్నారు.

మొదటి చాప ఖాళీ అయింది. రెండో చాప మీద కొందరున్నారు, వాళ్ళలో ఇద్దరు ఇంకా పుల్లలు లేకుండా చేయలేకపోతున్నారు. వాళ్ళ దగ్గర పుల్లలు తీసేయను. ఇప్పుడు వాళ్ళకి మధ్య మెట్టు ఇస్తున్నాను: కట్టకి నిలువు గీత, పుల్లకి చుక్క, విప్పితే గీత కొట్టేసి పది చుక్కలు. ఒకరికి అది అందుతోంది.

నన్ను కలవరపెడుతున్నది వలస. మా ప్రాంతంలో ఈ నెల నుంచి పత్తి తీతలకి, మిర్చి కోతలకి గుంటూరు వైపు కుటుంబాలు వెళ్ళిపోతాయి. రెండో చాప మీదున్న పిల్లల్లోనే వెళ్ళేవాళ్ళు ఎక్కువ. ఇళ్ళకి వెళ్ళి, పిల్లల్ని అవ్వతాతల దగ్గర గానీ, వలస వెళ్ళేవాళ్ళ పిల్లల కోసం నడిచే సీజనల్ హాస్టల్లో గానీ ఉంచమని అడుగుతున్నాను. కొన్ని ఇళ్ళలో ఒప్పుకున్నారు. వెళ్ళేవాళ్ళ కోసం నిచ్చెన కార్డుల్ని ఇంకో సెట్టు రాయించాను. మూడో చాప పిల్లలే రాశారు, ఒక్కో కార్డు మీద ఒక లెక్క పూర్తిగా చేసి, దాని కింద అలాంటిదే సగం చేసి వదిలి, దాని కింద ఖాళీగా ఇంకోటి. కార్డు వెనక జవాబు. చేసిన లెక్కని చూసి, సగం లెక్క పూర్తిచేసి, తర్వాత సొంతంగా చేయాలి. పక్కన టీచరు లేని పిల్లకి నేను ఇవ్వగలిగిన మంచి సాయం అదేనని అనుకుంటున్నాను.

మిగిలినవాళ్ళతో వచ్చే వారం భాగహారం మొదలుపెడుతున్నాను, అవే కట్టలతో. 72 పుల్లల్ని ముగ్గురికి పంచమని మూడో చాపకి ఊరికే ఇచ్చి చూశాను. తలా రెండు కట్టలు ఇచ్చేశారు. మిగిలిన కట్టని ఎవరూ చెప్పకుండానే విప్పి, పన్నెండు పుల్లల్ని నాలుగేసి పంచారు. పలక మీద ఎలా రాయాలో మాత్రం ఒకరితో ఒకరు వాదించుకుంటున్నారు. వాదన తేలేదాకా ఆ రాత పద్ధతి నేను చూపించను.